ఏగాని దొర

పేరు ఎగోన్. వెనక ఇంకో తొమ్మిది పేర్లున్నాయట.
బ్రాడీపేట నాలుగో లైను నోట్లో పడి
ఏగాని దొర అయ్యాడు.
అర్థం తెలిశాక ఆయనే నవ్వాడు:
"సరిగ్గానే లెక్కగట్టారు."

మా వెనక వసారా గదిలో పదిహేడేళ్ళు.
పొగాకు కంపెనీలో గ్రేడింగు పని.
ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని
ఏ ఊరి నేలో చెప్పేవాడు,
తన ఊరి మాట ఎత్తేవాడు కాదు.
అమ్మ పట్టుబడితే ఒక్కసారి
చాటలో బియ్యప్పిండి మీద వేలితో గీశాడు:
ఒక ఏరు, రెండు కొండలు, మెయిలు ఆగని స్టేషను.
"ఇంతేనా! మా సత్తెనపల్లి తాలూకాలో సగం లేదే"
అంది అమ్మ, పిండి డబ్బాలోకి వొంపుకుంటూ.

ఏటా ఒకసారి పోలీసు స్టేషనులో
పరదేశుల పుస్తకంలో సంతకం.
హెడ్డు మస్తాన్‌వలి ప్రతి ఏడూ కొత్తగా అడిగేవాడు.
తండ్రి వృత్తి?
రాజు.
"రాజులా? భీమవరం వైపా?"
"ఇంకాస్త పడమరకి."

కంపెనీ మూతబడ్డ ఏడు, అద్దెకి బదులు
ఒక వెండి చెంచా తెచ్చి గడప మీద పెట్టాడు.
పిడి మీద ఒంటికాలి పక్షి, దాని నెత్తిన కిరీటం.
అమ్మ దాన్ని అమ్మలేదు, తాకట్టూ పెట్టలేదు.
ఉగ్గు చెంచా చేసింది.
మా తమ్ముడికీ, చాకలి నాంచారమ్మ మనవడికీ,
మస్తాన్‌వలి కవలలకీ
ఉగ్గు దాంతోనే.
ఆయనేమో గోంగూర చేత్తో కలుపుకుని
పెదాలు మండి
కుండ దగ్గర నిలబడేవాడు.

రోహిణి కార్తెలో టెలిగ్రాం వచ్చింది.
రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి,
కరెంటు లేక ఆగిన ఫ్యాను వంక చూసి
"మజ్జిగుందా" అన్నాడు నాతో.
తాగి, గ్లాసు కడిగి బోర్లించి
పనికి వెళ్ళిపోయాడు.

పెదనాన్న కొడుకు పోయి
ఆ మధ్యాహ్నం ఈయన రాజయ్యాడట.
ఆయన పెట్టె సర్దిన రోజు
ఏసీ కాలేజీ మాస్టారొకరు చదివి చెప్పారు.
ఏ రాజ్యానికి, అనడిగితే
ఆయనా తల గోక్కున్నారు.
నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గే.
ఆ మజ్జిగలో నీళ్ళెక్కువ పోశాను.

మొన్న మనవరాలి బిడ్డకి చెంచా తీశాను.
చింతపండూ బూడిదా పెట్టి తోమీ తోమీ
కిరీటం ఎప్పుడో అరిగిపోయింది.
రెక్కలూ పోయాయి.
కాలొకటి మిగిలింది.
దేని మీద నిలబడిందో కనపడదు.