ఐదో ఓటు

హిమాయత్‌నగర్‌లో రెండో అంతస్తు.
ఏసీ పాడైన గది, అయిదు కుర్చీలు,
పళ్లెంలో మెత్తబడ్డ బిస్కట్లు.
ఈ ఏటి మేటి కారు ఏదో
సాయంత్రం ఆరులోగా తేల్చాలి.
ప్రెస్సువాడు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఆ కారు గురించి మీకు చెప్పక్కర్లేదు.
రాకముందే వచ్చేసింది కదా,
మెట్రో స్తంభాల మీదికి, పాల ప్యాకెట్ల మీదికి,
మా మేనల్లుడి నిద్రలోకి.
కళ్లతో చూడనివాళ్లు లక్షమంది డబ్బు కట్టారట.
వేలు తగిలితే తలుపు పిడి బయటికొస్తుంది,
వానలో మాత్రం సిగ్గుపడి లోపలే ఉండిపోతుంది.
మలక్‌పేట వంతెన కింద మోకాలిలోతు నీళ్లలో
నేను కిటికీలోంచి దిగాను.
ఇది నా నివేదికలో పదకొండో పేరా.
సంపాదకుడు దక్షిణామూర్తి గారు దాన్ని
"చిన్న చిన్న లోపాలు" అని కుదించారు.

సుగాత్రి లెక్కలు తెచ్చింది.
కంపెనీ చెప్పింది అయిదువందల ఇరవై కిలోమీటర్లు.
ఏసీ వేసుకుని, మనుషుల్లా కూర్చుని
రింగురోడ్డు చుట్టూ తిరిగితే వచ్చింది మూడువందల పది.
"మిగతా రెండువందల పదీ
హోర్డింగు మీదే తిరుగుతోంది సర్.
హోర్డింగుకి ఇద్దామా బహుమతి?"

కమలాకర్ నవ్వలేదు. ప్రకటనల విభాగం ఆయనది.
వెనక అట్ట ఎవరు కొన్నారో
అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.
ఎవరో బిస్కట్ విరిచిన చప్పుడు
ఉండాల్సిన దానికంటే పెద్దగా వినిపించింది.

ఆర్టీసీలో ముప్పై ఏళ్లు చేసిన వనజాక్షి గారు
కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు:
"పటాన్‌చెరు బస్సుకి ఎప్పుడైనా ఇచ్చారా మీరు?
ఎనభైమందిని మోస్తుంది, ఒక్క తలుపూ పనిచెయ్యదు,
దాని ఫొటో ఎవరైనా వేశారా?"
ఇదీ వద్దనే ఓటే అని రాసుకున్నాం.

ఇక కుతుబ్ భాయ్.
నలభై ఏళ్లు నాంపల్లి షెడ్డులో
చెవితో బండ్లు బాగుచేసిన మనిషి.
మొన్న దీని బానెట్ ఎత్తి, లోపల
సంచి పెట్టుకునే జాగా చూసి
"కడుపు లేని మనిషి లెక్కుంది" అన్నాడు.
ఆయన ఓటు ఎటో ముందే రాసేసుకున్నాం.
నోరు తెరవబోయి దగ్గాడు.
ఆ దగ్గు అయ్యేదాకా అందరం బల్లకేసి చూశాం.
"ఇయ్యుండ్రి సాబ్.
గిది నా షెడ్డు మూపిస్తది, నాకెరుకే.
నా మనుమడు గీ దగ్గు దగ్గడు గద.
గొప్ప బండి అని మాత్రం రాయకుండ్రి.
పొగ లేదు అని రాయుండ్రి, చాలు."

రెండూ రెండూ. అందరూ నావైపు తిరిగారు.

ఒకటి చెప్పలేదు వాళ్లకి.
తార్నాకలో తెల్లవారుజామున
రోడ్డు నడుమ పడుకున్న కుక్క నా రాక వినలేదు.
జానెడు దూరంలో ఆగాను. అది చెవి కూడా కదపలేదు.
ఇరవైరెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి
ఒక కుక్క నిద్ర చెడగొట్టకుండా వెళ్లాను.
మొదటిసారి ఒక కుక్కను చంపబోయాను కూడా.
ఏ పేరాలో రాయాలి దీన్ని?

గాలి కోసమని కిందికి దిగాను.
పార్కింగులో అదే కారు, మంచినీళ్ల రంగులో,
వాచ్‌మన్ గదిలోంచి సాగిన తీగ కొస పట్టుకుని
పాలు తాగుతున్నట్టుంది.
ఆ గదిలో ఉన్నది ఒకే ప్లగ్గు.
పోశెట్టి ఫ్యాను ఆగిపోయి, గడపలో కూర్చుని
మా పత్రికతోనే విసురుకుంటున్నాడు.
అట్ట మీద నిరుటి విజేత.
ఆ కంపెనీ ఇప్పుడు లేదు.

"ఇంకెంతసేపు సార్?"
"డెబ్బై శాతం అయింది."
"ఆ ముప్పై నాకిడిసిపెట్టుండ్రి."

పీకేశాను.
కారు తీయని ఆడగొంతుతో ఏదో అంది,
ధన్యవాదాలో, హెచ్చరికో.
లోపల ఫ్యాను కిర్రుమని, ఆలోచించి, తిరిగింది.

పైనుంచి కమలాకర్ పిలుస్తున్నాడు.
ఆరు కావడానికి తొమ్మిది నిమిషాలు.
పోశెట్టి పత్రికను మడత సరిచేసి
నా చేతిలో పెట్టాడు,
ఇంక దీంతో పనిలేదు సార్ అని.