గొంతు మార్పిడి

హిల్కా తోలొనెన్ తుపాకీని నా బల్ల మీద పెట్టి
చేతి తొడుగులైనా తియ్యకుండా అంది:
"తొమ్మిది పాయింట్ మూడు తన్నుడు ఇక నావల్ల కాదు.
ముప్పై ఒక్క వేటకాలాలు తన్నించుకున్నాను.
నిరుడు ఈ భుజంలో రెండు మేకులు దిగ్గొట్టారు.
వేట మానెయ్యమన్నాడు డాక్టరు కుర్రాడు,
మూస్ దుప్పికీ పాడి ఆవుకీ తేడా తెలీని వాడు.
ఆరున్నరకి మార్చెయ్."

కైనూలో సెప్టెంబరు.
బర్చ్ ఆకులు పసుపెక్కుతున్నాయి.
అడవి తెరవడానికి ఇంకా ఐదు వారాలు.

దీపం పెట్టి బారెల్ లోపలికి చూశాను.
గుండు బయల్దేరే చోటుని మా పనిలో గొంతు అంటాం.
నెర్రె లేదు, తుప్పు లేదు,
మెలి తిరిగిన గాడులు నిన్న కోసినట్టున్నాయి.
ఇంకో ముప్పై ఏళ్ళు ఉరమగల గొంతు.
అరిగింది ఇది కాదు.
ఆ మాట నేనెందుకు చెప్పడం? ఆమెకి తెలుసు.

మూడు రాత్రులు మరల్లోకి నూనె ఇంకనిచ్చాను.
నాలుగో రోజు బిగింపులో పట్టి
పొడుగాటి పిడి మీద నా బరువంతా వేస్తే
కదల్లేదు.
వేడి చేసి, తిట్టి, మళ్ళీ వేలాడితే
ఏప్రిల్లో సరస్సు మీద మొదటి మంచుపలక విరిగినట్టు
ఒక్కటే చప్పుడు.
నేను పుట్టకముందు స్వీడన్‌లో ఎవడో బిగించిన మర.
వాడెవడో గానీ పని వచ్చినవాడు.

ఆరున్నర తూటాకి మడమ కాస్త లావు.
బోల్టు మొహం చుట్టూ వెంట్రుక వాసి తియ్యాలి.
కొత్త బారెల్‌లో గది తొలవాలి:
రీమరు ఒక్క చుట్టు, బయటికి, తుడుపు, నూనె,
మళ్ళీ ఒక్క చుట్టు.
రేడియోలో వార్తలు రెండుసార్లు అయిపోయాయి.
కాఫీ మీద మీగడ కట్టింది.

చివరికి రెండు ఉక్కు కొలతలు.
ఒకదాని మీద బోల్టు మూసుకోవాలి,
రెండోదాని మీద మూసుకోకూడదు.
ఆ రెంటి మధ్య సందులో
ఒక మనిషి మొహం ఉంటుంది.

పాత అంకెలు పాత బారెల్‌తోనే పోయాయి.
కొత్తవి ఒక్కొక్కటే అచ్చు పెట్టి సుత్తితో కొట్టాను:
ఆరు, కామా, ఐదు.
ఇక్కడ అబద్ధం రాస్తే ఎవరి బుర్రో పగులుతుంది.
నా జీవితంలో నేను రాసిన రాతంతా ఇంతే,
ఒక్క అచ్చుతప్పు లేదు.

ఊరి బయట ఇసుక గొయ్యి దగ్గర
హిల్కా మొదటి గుండు పేల్చింది.
భుజం కదిలిందో లేదో.
బల్ల మీద మూడు గుండ్లూ ఒక అరచేతి కింద దాక్కునేంత దగ్గర.
ఆమె నవ్వలేదు.
కారు వైపు చూస్తోంది.

కారులో తుర్రె, తొమ్మిదేళ్ళ కరేలియా ఎలుగు కుక్క.
దానికి పాత పేలుడంటే ఒక్కటే అర్థం:
పని అయింది, పరిగెత్తుకురా, గుండె ముక్క నీది.
ఈ సన్నటి చప్పుడు వినగానే
చెవులు పొరుగు పొలిమేర వైపు తిప్పింది.
ఎవరిదో తుపాకీ.
ఎవరిదో మాంసం.
తల దించి పడుకుంది.

"చూశావా" అంది హిల్కా.
ఇంకేం అనలేదు.
ఖాళీ తూటా తియ్యడానికి బోల్టు వెనక్కి లాగింది.
బోల్టు పాతదే,
ఆమె బొటనవేలికి అరిగిన పాత పిడే.
కటక్. చక్.
తుర్రె లేచి నిలబడింది.
సగం దించిన అద్దంలోంచి దూకి,
ఇసుకలో జారి, వచ్చి
ఆమె మోకాలికి ముట్టె ఆనించింది.

ఆమె కోటు జేబులో సాసేజ్ ముక్క ఉందని నాకు తెలుసు.
గాలి కూడా అటే వీస్తోంది.
నేనేం మాట్లాడలేదు.

"పాత బారెల్ ఏం చెయ్యమంటావ్?"
"దాచు. భుజం బాగుపడొచ్చు."
వచ్చే మార్చికి ఆమెకి డెబ్బై రెండు.
నూనె పూసి, గుడ్డ చుట్టి, పై అరలో పెట్టాను.
చీటీ మీద పేరు రాశాను.
తిరిగి ఇచ్చే తేదీ దగ్గర
ఖాళీ వదిలాను.