ఎడమకో గడి

టూంగాబీలో మా గరాజులోకి కారు ఎప్పుడూ రాలేదు.
రెండు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల,
గోడ నిండా కొక్కేలు, కొక్కేలకు జాకెట్లు,
ఒక్కో జాకెట్టుకీ గుండుసూదితో గుచ్చిన చీటీ.

చీటీలు పోతాయి.
కిందటి నెల సెలీనా గారి చేతి కొలత
ఉషశ్రీ చేతికొచ్చింది.
పాపం, పెళ్ళిపీటల దగ్గర
చెయ్యెత్తి అక్షింతలు వెయ్యలేకపోయింది.

ఆ రాత్రి ఫోను ఎదురుగా పెట్టుకుని
నోటితోనే మొదలుపెట్టాను:
"నాకో పుస్తకం కావాలి. పోనిది.
పేరు, నంబరు, ఛాతీ, నడుము, భుజం,
మెడ లోతు ముందెంత, వెనకెంత,
గుడ్డ ఇచ్చిన రోజు, నేను ఇస్తానన్న రోజు,
నిజంగా ఇచ్చే రోజు."

వేళాకోళమని దానికి తెలియలేదు.
మూడు తేదీలకీ మూడు గడులు పెట్టింది.
టీ పొంగే లోపల యాప్ తయారు.
పైన లేత గులాబీ రంగు, మూలన చిన్న కత్తెర బొమ్మ.
నేను ఒక్క అక్షరం కోడు రాయలేదు.

సంబరపడాల్సింది.
చీరాలలో నాకు పని నేర్పిన కరీమున్నీసా
ఆరు నెలలు ఒట్టి కాజాలే కుట్టించింది.
ఏం కుట్టి తీసుకెళ్ళినా "తిరగెయ్" అనేది.
పైకి ఎవరైనా బాగానే కుడతారే పిల్లా,
లోపలివైపు చూపించు.

దీన్నెలా తిరగెయ్యను?
తిరగేసినా ఆ లోపలి కుట్టు
చదవడం నాకు రాదు.

తొడిగి చూడటమొక్కటే దారి.
నడుము మూడు వందల అంగుళాలని కొట్టాను.
కిక్కురుమనకుండా రాసుకుంది.
పదమూడున్నర అంటే పద్నాలుగు చేసింది.
నా బతుకంతా ఆ అర అంగుళంలో ఉందమ్మా, అన్నాను.
వెంటనే క్షమించమంది.
నా దగ్గర పనిచేసిన ఏ పిల్లా
అంత త్వరగా తప్పు ఒప్పుకోలేదు.
అంత త్వరగా అదే తప్పు మళ్ళీ చెయ్యనూ లేదు.

విప్పాం, కుట్టాం. విప్పాం, కుట్టాం.
నాలుగో రాత్రికి
అర అంగుళం నిలబడింది.

మంగళవారం వర్ధనమ్మ గారొచ్చారు.
వెస్ట్‌మీడ్‌లో ఆపరేషనయ్యాక ఇదే మొదటిసారి.
షట్టరు దించమన్నారు. దించాను.
టేపు ఆవిడ చుట్టూ తిప్పుతుంటే
ఇద్దరం ఇస్త్రీ బల్లనే చూశాం.

చీటీ అయితే ఎడమవైపు ఓ చిన్న గీత గీసేదాన్ని,
నాకొక్కదానికే తెలిసే గీత.
యాప్‌లో ఛాతీకి ఒకటే గడి.

రాత్రి దానితో చెప్పాను:
ఎడమకో గడి, కుడికో గడి పెట్టు.
పెట్టింది. అంకెలు వేశాను.
కింద ఎర్రగా, తనంతట తానే రాసింది:
రెండు కొలతలూ సరిపోలడం లేదు, దయచేసి సరిచూడండి.

చాలాసేపు ఆ ఎరుపు వైపే చూస్తూ కూర్చున్నాను.
బయట ఎవరో చెత్తడబ్బా ఈడ్చుకెళ్ళారు.

"సరిపోలక్కర్లేదు" అన్నాను.

ఎందుకని అది అడగలేదు.
చెప్పాలని నాకూ అనిపించలేదు.
ఎరుపు పోయింది.

అస్తరు లోపల ఎడమ పక్కన
మల్లు గుడ్డతో ఒక జేబు,
చేత్తో, సన్నని టాకాలతో.
దానికి ఏ గడీ లేదు, అడగనూ లేదు.

శనివారం ఆవిడ జాకెట్టు తీసుకుని
అద్దం దగ్గరికి వెళ్ళలేదు.
ముందు తిరగేశారు.
జేబు అంచు మీద వేలు ఆనించి
కాసేపు అలాగే ఉండి,
"కాజాలు కూడా చేత్తోనే వేశావా?" అన్నారు.
ఆ, అన్నాను.

ఆవిడ వెళ్ళాక మూడో తేదీ నొక్కాను.
ఇస్తానన్న రోజుకి రెండు రోజులు ఆలస్యం.
ఆ గడి ఎర్రబడింది.
దాన్ని మాత్రం
అలాగే ఉండనిచ్చాను.