అరవై నాలుగు ఊపిరులు

నాలుగింటికి పది నిమిషాలుంది.
క్లైపెదా రేవు మీద మంచు పడుతోంది, చప్పుడు లేకుండా.
ఫోనులో బ్రోన్యుస్:
"ఔడ్రోనే, పడవల టైములు చూపించే సైటు చచ్చిపోయింది."

అవతలి ఒడ్డున, స్మిల్తీనెలో,
సీళ్ళకు చేపలు వేసే ఉద్యోగం అతనిది.
మొదటి పడవ తప్పితే
పద్నాలుగు తడి మూతులు కొలను గట్టున ఎదురుచూస్తాయి.

చావలేదు బ్రోన్యుస్.
సర్వరు హెల్సింకిలో దీపాలు వెలిగించుకుని
నిక్షేపంలా కూర్చునుంది.
విల్నియస్‌లో మా చెల్లిని నిద్ర లేపి అడిగాను.
తిట్టి, తెరిచి, "నాకు వస్తోందే" అంది.
ఇల్లుంది. ఇంటికెళ్ళే దారికే
మతి పోయింది.

జాడ తీశాను.
ఒక్కో గడపా ఒక్కో వరుసై తెర మీదికి దిగింది.
మా రేవు. వార్సా. ఫ్రాంక్‌ఫర్ట్.
పలకని యంత్రాల చోట మూడేసి చుక్కలు
(చుక్కలు చూపించడమంటే ఏమిటో
ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది).
ఆపైన అవే రెండు పేర్లు,
ఇతను, అతను, ఇతను, అతను,
అడుగు దాకా.

నువ్వు వేలు నొక్కినప్పుడల్లా
ఒక చిన్న పొట్లం బయల్దేరుతుంది,
నుదుటి మీద అరవై నాలుగు అని రాయించుకుని.
దాటిన ప్రతి గడపా ఒక ఊపిరి కోసుకుంటుంది.
పన్నెండో పదిహేనో పోతే పోతాయి,
మిగతా ఆయుష్షుతో ఇల్లు చేరుతుంది.
ఈ రాత్రి మాత్రం
"నా దగ్గర కాదు, ఆయన్నడుగు"
"నేనెరగను, అతన్నే అడుగు"
ఇద్దరు గుమస్తాల మధ్య పింఛను కాగితంలా
తిరిగి తిరిగి తిరిగి
సున్నా దగ్గర రాలిపోతోంది.
దానికి ఏడ్చేవాళ్ళు లేరు.
నీ తెర మీద ఒక చక్రం తిరుగుతుంది, అంతే.

ఎకిబస్తూజ్ అని, కజకిస్తాన్‌లో బొగ్గు తవ్వే ఊరు.
అక్కడ ఒక చిన్న కంపెనీ. రాత్రి డ్యూటీలో ఒక కుర్రాడు
జల్లెడ పట్టే వరుస ఒక్కటి మరిచిపోయి
లోకానికి చాటింపు వేశాడు:
"ఆ చిరునామా నా దగ్గరే ఉంది."
మా వాళ్ళలో రుజువులడిగే అలవాటు అంతంతమాత్రం.
పొరుగువాడు నమ్మాడు. వాడి పొరుగువాడు వాణ్ణి నమ్మాడు.
మా చెల్లి వీధి దాకా ఆ కబురు రాలేదు కాబట్టి
ఆమెకు తెరుచుకుంది.

పైగా మా లోకంలో ఒక న్యాయముంది,
ఎవరు ఎక్కువ వివరంగా చెబితే వాళ్ళదే గెలుపు.
అసలు యజమాని "ఈ వీధి నాది" అన్నాడు.
కుర్రాడి యంత్రం
"ఈ వీధిలో ఎడమచేతి వైపు నాలుగిళ్ళు నావి" అంది.
నిజం వదులుగా ఉంది.
అబద్ధానికి కొలతలున్నాయి.

"మా నాన్న పొలం అలాగే పోయింది" అని దగ్గాడు బ్రోన్యుస్.
"పడవెప్పుడో చెప్పు."
నాకేం తెలుసు?
"సరే, నీ తెర కన్నా నా కాళ్ళు నయం."
బూట్లు తొడిగిన చప్పుడు, తలుపు.

ఎకిబస్తూజ్‌లో ఫోనెత్తినవాడి పేరు యెర్కెబులాన్.
ఇద్దరికీ సగం సగం వచ్చిన రష్యన్‌లో చెప్పాను.
చాలాసేపు కీబోర్డు ఒక్కటే మాట్లాడింది.
తర్వాత, "నా వేలే" అన్నాడు. "ఉద్యోగం పోతుందా?"
తెలీదన్నాను.
నేనూ ఒకసారి ఒక ఆసుపత్రిని
రెండు గంటలు లోకం మీంచి చెరిపేశానని చెప్పాను.
ఇంతకుముందెవరికీ చెప్పలేదది.

అబద్ధం ఒక్క గుక్కలో పాకింది.
దాన్ని వెనక్కి పిలిచే మాట మాత్రం
గడప గడపకీ ఆగి తలుపు తట్టింది.
ఐదూ ఇరవైకి చక్రం ఆగింది.
పేజీ వచ్చింది, నీలం అంచుతో, పడవ బొమ్మతో,
మొదటి పడవ ఆరున్నరకని.

బ్రోన్యుస్‌కి ఫోను చేశాను.
వెనకాల ఇంజను మోత, నీళ్ళు.
"ఆరున్నరా? అది ఎండాకాలం పట్టిక.
అక్టోబరు నుంచి మార్చమని మొత్తుకుంటున్నాను.
ఇదిగో, సగం దూరం వచ్చేశాను."