ముక్కుకు మెత్తలు

మట్టెవాడల నా కొట్టుకు నలభై ఏండ్లు.
మెడల టేపు లేని నన్ను చూసినోళ్లు తక్కువ.
నడుముకు టేపు చుట్టంగనే
పొట్ట లోపలికి గుంజుకునేటోళ్లను ఎందరిని చూసిన్నో.
ముప్పైనాలుగు అంటరు వాళ్లు,
సరే అంట నేను,
ముప్పైఆరుకు కోస్త.
ఒక్కరూ వాపసు తేలే.

అసొంటోన్ని
కాలరు కుడుతు కుడుతనే నిద్రవోయిన ఓ పగటీలి.
మిషిని సూది బొటనేలి గోట్లె దిగింది.

చంద్రకళ ఎప్పటిసంది మొత్తుకుంటనే ఉన్నది:
"నువ్వు గుర్రు పెడితే నాకు భయం లేదు,
ఆపితేనే.
దారం తెగినట్టు ఆగుతది.
నేను లెక్కవెడ్త. ఇరవై. ఇరవై ఒకటి.
బాయిల మునిగిన బొక్కెన
బుడుక్కున లేసినట్టు అప్పుడు లేస్తవు."

ఒంటినిండ వైర్లు అంటించి
దవాఖాన్ల ఓ రాత్రి పండవెట్టిండ్రు.
గంటకు నలభైరెండు మార్లు ఆగుతున్నదట.
ఈ రెడీమేడ్ల కాలంల
నెలకు అన్ని అంగీలు కూడ వస్తలేవు నాకు.

హన్మకొండ చౌరస్త కాడ, మెట్లెక్కి పోతే
మిషిన్లమ్మే కొట్టు. నౌషీన్ అని ఓ పిల్ల.
"ముక్కుకు పిల్లోస్ వస్తయి అంకుల్" అన్నది.
తలకు మెత్త ఎర్కే, కాళ్లకిందికి మెత్త ఎర్కే,
ముక్కుకు మెత్తలేంది తల్లీ?
అరచేతుల పెట్టి చూపిచ్చింది మూడు జతలు,
పాలపీకలసొంటియి,
చిన్నయి, నడిమియి, పెద్దయి.

పెద్దయే ఇయ్యమన్న.
మా తాత ముక్కు మా నాయినకు,
మా నాయిన ముక్కు నాకు.
పెండ్లిఫోటోల నాకన్న ముందు నా ముక్కే పడ్డది.
పిల్ల ఏదో అనవోయి ఆగింది.
సరే అంకుల్, అన్నది.

పెద్దయి రెండు రాత్రులు.
తెల్లారేసరికి ముక్కు నడిమి గోడ కమిలి మండింది.
నడిమియి వారం.
ఎడమదిక్కు మంచిగనే కూసున్నది,
కుడిదిక్కు ఒకటే ఈల.
కాజీపేట దిక్కు గూడ్సు పోతుందనుకున్నది చంద్రకళ,
ఎంతకూ పోతలేదని లేసి
ట్యూబుల పంచరు దేవులాడినట్టు
నా ముక్కు చుట్టు వేలుపెట్టి గాలి దేవులాడింది.
పట్టీలు బిగిచ్చిన. చెవుల మీద గాట్లు పడ్డయి.
కోత తప్పిన ప్యాంటును
బెల్టు పెట్టి నిలవెట్టలేమని
నాకు తెల్వకనా?

"కూసోని చూస్తే తెల్వది అంకుల్,
పండుకోవాలె. మిషిన్ నడుస్తుండాలె."
బెంచీ మీద పండవెట్టింది నౌషీన్.
చెయ్యి లేపు, వంగు, కూసో,
అప్పుడు చెప్పు అంగి ఎట్లున్నదో అని
నలభై ఏండ్లసంది నేను అనే మాటే.
చిల్లుల అట్ట ఒకటి ముక్కుకింద పెట్టి చూసి
నవ్వకుంటనే చెప్పింది:
"చిన్నయి.
బయట ఎంతున్నా లోపట తొవ్వ సన్నం."

అందరు పొట్ట గుంజుకుంటే
నేను ముక్కు పొంగిచ్చుకున్న. గంతే తేడా.

రెండు భుజాలు ఒక్కతీరున్న మనిషిని నేనైతే చూడలే,
ముక్కుతొర్రలైనా అంతే ఉంటయి.
దిగిన భుజం కింద పావించు దూది పెట్టి
కోటు నిలవెట్టొచ్చు.
ఈడ దూది నడువది.
కుడిదిక్కు ఇంకా జెరంత గాలి పోతుంటే
నా కత్తెరతోనే మీసం కొస తీసేసిన.

కొలతల బుక్కుల ఓ కొత్త పేజీల
నా పేరు రాసుకున్న మొదటిమారు.
ముక్కు: చిన్నది.
చూసి చంద్రకళ పక్కన గీసింది:
మీసం: ఇప్పుడే మంచిగున్నది.

మొన్న నడిరాత్రి కరెంటు పోయింది.
మిషిన్ ఆగంగనే మెలకువొచ్చింది.
పట్టీ తీసి చూస్తే
చీకట్ల కూసోనున్నది చంద్రకళ,
పెదవులు కదుల్తున్నయి.
ఎంతదాక వచ్చినవ్, అన్న.
పదకొండు, అన్నది.
ఇగ పండుకో,
కరెంటొచ్చేదాక నేను లేసే ఉంట.