సుద్దముక్కా, ఎనామిల్ పెయింటూ

కర్నూలు. రాత్రి పదకొండున్నర. రాజ్‌విహార్ వెనక సందు,
రెండో అంతస్తు. కింద దోసెల పెనం చల్లారిపోయింది.
తెర మీద ఇంకొక్క గడి ఖాళీగా ఉంది:
విత్తనాల సొసైటీ పాత చిరునామాకి వచ్చినోళ్లని
కొత్తదానికి ఏ అంకె చెప్పి పంపాల?

మూడొందల ఒకటా, మూడొందల రెండా.
ఫోన్లో సుంకన్న విసుక్కుంటాడు,
"ఏదో ఒకటి కొట్టు మేడమ్, మనుషులు చేరితే సాలదా?"

సాలదు సుంకన్నా.
నువ్వు పీరన్న అంగడి తలుపు చూడలేదు.

వరదొచ్చిన ఏడు, తుంగభద్ర పాతూర్లోకి నడిచొచ్చి
కుట్టుమిషన్ పెడల్ మీద బురదకాలు పెట్టి పోయినాక
దర్జీ గౌస్ పీరన్న కల్లూరులో బామ్మర్ది వసారా చేరినాడు.
మూసిన తలుపు మీద సుద్దముక్కతో రాసినాడు:
"ప్రస్తుతానికి కల్లూరు. మళ్లా ఈడికే వస్తా."

అదీ మూడొందల రెండంటే.
జనం ప్రతిసారీ ముందు పాత తలుపు కాడికే వచ్చి
రాత మారిందేమో చూసి, ఆ తర్వాతే
కల్లూరు ఆటో ఎక్కేవాళ్లు.
దూరం రెండింతలు.
తలుపు తీసుంటుందేమోనన్న ఆశ మాత్రం
ఒక్కపొద్దూ తప్పలేదు.

ఒక చిక్కొచ్చింది. కుట్టడానికి గుడ్డ తెచ్చినోళ్లు కొందరు
రాత చదివి, గుడ్డ పక్కంగట్లో పడేసి
ఉత్తచేతుల్తో కల్లూరు పోయి
"బాగుండావా పీరన్నా" అని పలకరించి వచ్చేవాళ్లు.
దాంతో ఇంకో వరస రాసినాడు:
"తెచ్చిన గుడ్డ తెచ్చినట్టే తీసుకరండి."
అది మూడొందల ఏడు.

కల్లూరులో గుడ్డ చేతికి అందినాక ఇంకో మాట చెప్పేవాడు:
"నాకు ముట్టింది. చీటీ కోసం ఆ కిటికీ కాడ
మా కోడలు హుసేన్‌బీని అడుగు. ఉత్తచేతుల్తో పో,
మళ్లా గుడ్డ ఇయ్యాకు, ఒక చొక్కాకి రెండు కూలీలైతాయి."
మూడొందల మూడు. నెమ్మదైన అంకె.

జమేదారు ఓబులేసు ఏటేటా వచ్చి మెడ చూపించి
"కొలతలు మారినాయా?" అంటే
"అయ్యే. నీ కాడుండేదే సాలు, పో."
మూడొందల నాలుగు. ఎక్కడికీ పంపకుండానే
ఆ వరసలో కూర్చున్న అంకె.

ఇంక నష్టపరిహారం సంగతి.
తాసిల్దారు మున్సిపాలిటీకి పొమ్మన్నాడు,
మున్సిపాలిటీ బ్యాంకుకి, బ్యాంకు తాసిల్దారు కాడికి.
ఇరవై మలుపులు తిరిగితే బ్రౌజర్ చేతులెత్తేస్తుంది.
పీరన్న ఇరవైయొకటోసారి చెప్పులేసుకున్నాడు.

రెండేండ్లకి కొడుకు జిలానికి ఓపిక పోయింది.
సుద్దరాత తడిగుడ్డతో తుడిచి
ఎర్ర ఎనామిల్‌తో, పెద్దక్షరాల్తో రాయించినాడు:
"శాశ్వతంగా కల్లూరుకు మార్చబడినది."
కింద చిన్నగా "గుడ్డతో సహా" అని కూడా.
ఆ చిన్న వరసతో అది మూడొందల ఎనిమిది,
అది లేకుంటే ఉత్త మూడొందల ఒకటి.

ఒకసారి చదివినోడు మళ్లా ఆ సందులోకి రాలేదు.
కాళ్లకే తెలిసిపోయింది. నేరుగా కల్లూరు.
దారి సగం తగ్గింది, అందరూ మెచ్చుకున్నారు.

ఆ పై ఏడు బామ్మర్దితో మాటామాటా వచ్చి
పీరన్న మిషన్ ఆటోలో ఏసుకుని పాతూరికొచ్చేసినాడు.
బ్లేడుతో పెయింటు గీకినాడు. నూనె పోసినాడు. కూర్చున్నాడు.
ఎవురూ రాలేదు.
తలుపు మీది రాత పోయింది,
కాళ్లలోది పోలేదు.
కల్లూరులో మూసిన వసారా ముందు
గుడ్డలు పట్టుకుని నిలబడే ఉన్నారంట జనం.

"మేడమ్, ఉండావా?" సుంకన్న.

రెండు కొట్టినా. సుద్దముక్క.
దేవనకొండ నుంచి, పత్తికొండ నుంచి
పగిలిన ఫోన్లలో శనక్కాయ ధర చూసుకునేటోళ్లు
పదిరోజులు దారి తప్పకుండా చేరితే
అప్పుడు తెరుస్తా ఎనామిల్ డబ్బా.

"రెండా? అంటే మళ్లా మార్చాల్నా?"
"ఊఁ" అన్నా.
చేతివేళ్లు ఊరికే
చొక్కాకి తుడుచుకున్నా.