మూడో పోగు

ఆడెపు సులోచన, నలభై ఆరు, కొత్తవాడ.
కుడి మణికట్టు, బొటనవేలి వైపు.
కేస్ షీట్ మీద నా రాతే:
ఒకే సొరంగం, లోపల రెండు టెండన్లు, విడిపించాను.

రెండు ఉండాలని పుస్తకం.
రెండు కనిపించాయి.
లెక్క కుదిరింది, కుట్టేశాను.

ఆరు వారాలకు ఎంజీఎం ఓపీ వరసలో
మళ్లీ అదే చెయ్యి.
అంగట్లో పిల్లని పట్టుకున్నట్టు
బొటనవేలిని ఎడమ పిడికిట్లో పట్టుకుని వచ్చింది.
"పంజా ఎత్తితే పాణం పోతంది సారూ."

పంజా అంటే తెలుసు నాకు,
జంపఖానా మీద పేకను దిగ్గొట్టే ఇనుప వేళ్లు.
గోళీలు రాశాను.
పక్కనున్న పీజీతో ఇంగ్లీషులో, మెల్లగా,
నొప్పి మనసులో ఉందేమో అన్నాను.
ఆమెకు ఇంగ్లీషు రాదు.
మొహాలు చదవడం వచ్చు.

ఆదివారం కాలేజీలో డిసెక్షన్ హాలు తెరిపించాను.
ఫార్మలిన్‌కు కళ్లు మండుతుంటే
ముగ్గురివి, ఆరు చేతులు విప్పాను.
మూడు. నాలుగు. మళ్లీ మూడు.
ఒకదాంట్లో రెండే గానీ మధ్యన గోడ.
ఒకే మనిషి కుడికీ ఎడమకీ పొత్తు లేదు.
పుస్తకంలో గీసిన చెయ్యి ఎవరిదో,
ఆ ముగ్గురిలో ఒక్కరిదీ కాదు.

రెండోసారి కోసినప్పుడు
కోసే చోట మాత్రమే మత్తు, ఆమె మెలకువగానే ఉంది.
నేను లెక్కపెట్టిన ఆ రెండూ
ఒకదాని చీలికలే.
వాటి పక్కన పల్చటి గోడ. గోడ అవతల
ఇరుకులో, నూలుపోగంత సన్నగా
అసలు రెండోది.

"బొటనవేలు ఎత్తమ్మా."
ఎత్తబోయింది. తట్టుకుని ఆగింది.
గోడ చీల్చాను.
"ఇప్పుడు?"
జారింది.

పచ్చగుడ్డ అవతలి నుంచి:
"ఎన్ని ఎల్లినయి?"
"మూడు."
కాసేపు ఏమీ అనలేదు.
"లెక్క కుదిరిందని ముడెయ్యద్దు సారూ.
ఏ పోగు ఏ కంట్లకెల్లి పోయిందో
ఏలు వెట్టి సూడాలె."
సూది అందిస్తున్న సిస్టర్ దగ్గినట్టు నవ్వింది.

రిపోర్టులో 'అసాధారణం' అని రాశాను.
కొట్టేశాను.

హంటర్ రోడ్డులో ఎర్రలైటు పడింది.
స్టీరింగ్ మీది బొటనవేలు
ఊరికే ఎత్తి చూసుకున్నాను.
చర్మం కింద ఒక గీత లేచింది.
ఒకటో, ఎన్నో.